పరాయి గడుల్లో పడవ గుర్తులు

గోడ మేకుకు వేలాడుతున్న సంచిలో మందుచీటీ వెతుకుతుంటే దరియావలి చేతికి ఒక ఆధార్ కార్డు తగిలింది. కార్డు భార్య ముంతాజ్ బేగందే. కొత్తగా ప్లాస్టిక్ తొడుగు వేయించి ఉంది. అంచులు గుండ్రంగా, నున్నగా కత్తిరించి ఉన్నాయి. వెలుతురుకు ఎత్తి చూశాడు. లోపల ఒక్క గాలిబుడగ కూడా లేదు. వాకాడు బస్టాండు రోడ్డులో అతనికి సొంత ప్రెస్సుంది, అందులో లామినేషన్ మిషనూ ఉంది. ఆ మిషను ఏ మూలనో ఒక బుడగైనా వదలకుండా కార్డు ఇవ్వదు.

"ఇది యాడ చేయించినావు?"

ముంతాజ్ పెరట్లో రొయ్యలు ఒలుస్తూ తలెత్తలేదు. "యాడ చేయిస్తే ఏంది? రోడ్డు దాటితే పుష్ప కొట్టుండాది గదా."

"మొగుడు ప్రెస్సు పెట్టుకోనుంటే పెళ్లాం ఎదురు కొట్టుకు పోతుందా?"

"నీ కాడికొస్తే మిషను వేడెక్కాల, కూర్చో అంటావు. కూర్చుంటే నీ పాత కతలన్నీ ఇనాల. ఆ పిల్ల మాట్లాడతా మాట్లాడతానే చేతిలో పెట్టేసింది. 'ఎండన పడి వచ్చినావు పిన్నీ' అని మంచినీళ్లు గూడా ఇచ్చింది."

ఆ పూట దరియావలి సగం అన్నంలోనే చెయ్యి కడిగాడు. ఏమైందని అడిగితే కడుపులో మంటగా ఉందన్నాడు. అది అబద్ధం కాదు.

ఆ మంటకు రెండేళ్ల వయసు. పుష్పకుమారి ఎదురుగా అద్దాల తలుపుల కొట్టు తెరిచిన రోజున మొదలైంది. ఆమె మనిషి మంచిదే, అదే కష్టమైంది. గయ్యాళి అయ్యుంటే తిట్టుకుని ఊరుకునేవాడు. పొద్దున్నే తలుపు తీస్తూ రోడ్డుకు ఇవతలున్న అతన్ని చూసి, "బాబాయ్, టీ తాగినావా?" అంటుంది. ఆ మాటకు జవాబు చెప్పేలోపే ఆమె కొట్టు ముందు రెండు బండ్లు ఆగి ఉంటాయి. కొందరు బండి దిగను కూడా దిగరు. ఫోనులోంచి ఏదో పంపుతారు, లోపల కాగితం బయటికి వస్తుంది. ఒకసారి ఆమె ఫోను మూతికి దగ్గరగా పెట్టుకుని పెళ్లిపత్రిక చదువుతుంటే తెరమీద అక్షరాలు వాటంతటవే పడటం చూశాడు. ఒత్తులతో సహా. నలభై అయిదేళ్లు అక్షరాలతో కాపురం చేసిన తను పిలిస్తే అవి ఎన్నడూ పలికింది లేదు.

దరియావలి అంటే సముద్రానికి కాపలా ఉండే వలీ, పుణ్యపురుషుడు అని వాళ్లమ్మ చెప్పేది. ఆ పేరు పెట్టుకున్న మనిషికి మోకాలిలోతు నీళ్లలో నిలబడితే కళ్లు తిరుగుతాయి. పుట్టింది గూడూరు. తండ్రి అభ్రకం షెడ్డులో రేకులు చీల్చేవాడు. గోరంత మందాన ఉన్న ముక్కను పదహారు పొరలుగా విడదీసే చెయ్యి. కొడుక్కి ఆ చెయ్యి వచ్చింది గానీ దగ్గుతో తండ్రి పోయిన తీరు చూశాక ఆ పనిలోకి పోబుద్ధి కాలేదు. పద్నాలుగో ఏట ఒక ప్రెస్సులో కంపోజింగుకు కుదిరాడు.

సీసపు అక్షరాలు పెట్టే చెక్క పెట్టెను కేసు అంటారు. దాన్నిండా గడులు, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. నేర్చేవాడు మొదట గడులను చూస్తాడు, ఆర్నెల్లకు చూడటం మానేస్తాడు. 'క' కావాలంటే చెయ్యి దానంతటది ఆ మూలకు పోతుంది. గడిలో ఏముందో కంటికి తెలియదు, చేతికి తెలుసు. దరియావలికి అక్షరం ఆకారంగా కాక ఒక చోటుగా ఒంట్లోకి ఎక్కిపోయింది. అందుకే తర్వాతెప్పుడో కంప్యూటరు వచ్చినప్పుడు, తోటి పనివాళ్లంతా బెదిరి కూరగాయల కొట్లు పెట్టుకుంటే, అతను ఒక్క మధ్యాహ్నంలో దాని గుట్టు పట్టేశాడు.

'ఇది గూడా కేసే. గడులకు అంకెలేసినారు, అంతే' అనుకున్నాడు.

నిజమే. కంప్యూటరుకు 'అ' తెలియదు, 'ఆ' తెలియదు. దానికి తెలిసింది అంకె ఒక్కటే. ఫలానా అంకె చెబితే ఫలానా గడిలో చెయ్యి పెడుతుంది, అందులో ఏ బొమ్మ ఉంటే ఆ బొమ్మను తెరమీద పెడుతుంది. బొమ్మలున్న పెట్టె పేరు ఫాంటు. పెట్టె మార్చి అదే అంకె చెబితే వేరే బొమ్మ వస్తుంది. దానికి అది తప్పని కూడా తెలియదు. మీటల మీద లేని గుర్తు కావాలంటే ఒక మీట నొక్కిపట్టి నాలుగంకెలు కొట్టాలి. ఆ నాలుగంకెలు అతనికి కల్మాలాగా కంఠతా వచ్చు.

ఇదంతా అతనికి అన్నం పెట్టిన విద్య. గౌరవం పెట్టింది మాత్రం దిబ్బకుప్పం.

దిబ్బకుప్పం వాకాటికి తూర్పున, పులికాటు సరస్సు సముద్రాన్ని తాకే మొగకు దగ్గర్లో ఉన్న చేపలోళ్ల ఊరు. అక్కడ ఇరవై నాలుగు వాటాలు. సరస్సులో ఎవరి వల ఏ చోట వెయ్యాలన్నది వాళ్లు ఏటా దసరా వెళ్లిన తొలి ఆదివారం గంగమ్మ అరుగు మీద చీట్లు తీసి తేల్చుకుంటారు. అట్లా వచ్చిన చోటును పాడు అంటారు. మొగ దగ్గరి పాడు వస్తే ఆ ఏడు ఆ ఇంట్లో రొయ్యల పంటే. ఉప్పు కయ్యల వైపు బురద పాడు వస్తే ఏడాదంతా పీతలు, తిట్లు. ఒకసారి చీటీ తీశాక నోరెత్తకూడదు. అది ఊరి దురాయి, అంటే కులపెద్దల కట్టుబాటు.

చీటీల మీద పేర్లు రాయరు. ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు నలుగురైదుగురుంటారు, పైగా పెద్దలకు అక్షరాలు రావు. కానీ ప్రతి పడవకూ ఒక గుర్తుంది. పడవ ముక్కు మీద, వల బెండ్ల మీద, ఇంటి గడప మీద అదే గుర్తు. మనుషులను పిలిచేదీ దానితోనే: త్రిశూలపోళ్లు, గాలపోళ్లు, జంటచేపలోళ్లు, తెడ్డోళ్లు. వెనకటికి ఆ చీట్లు ఊళ్లోనే గీసుకునేవాళ్లు. ఎవరి చీటీ మడత గరుగ్గా ఉందనో, ఎవరి కాగితం మందంగా ఉందనో ఏటా తలకాయలు పగిలేవి. ముప్పై ఏళ్ల కిందట అప్పటి పెద్దకాపు, అంటే ఊరి కులపెద్ద, దరియావలి దగ్గరికొచ్చి, "సాయబూ, నీకు మా నీళ్లల్లో వాటా లేదు, మా కులంలో చుట్టం లేదు. చీట్లు నువ్వు అచ్చేసి పెట్టు" అన్నాడు.

అప్పటినుంచి చీట్లు దరియావలివి. మొదట్లో చెక్కదిమ్మల మీద గుర్తులు తనే చెక్కాడు. కంప్యూటరు వచ్చాక ఇరవై నాలుగింటినీ తెరమీద గీసి వాటికని ఒక ఫాంటు చేశాడు. గడులు కావాలి గదా? పెట్టె చివర ఎవరికీ అక్కర్లేని గడులు కొన్ని కనిపించాయి. వాటిలో తెల్లదొరల దేశాల గుర్తులు కాపురముండేవి. ఒకటి వాళ్ల డబ్బు గుర్తు, ఒకటి సున్నా మీద అడ్డగీతతో ఎవరిదో అక్షరం, ఒకటి బొజ్జలున్న పొడుగు అక్షరం. వాకాట్లో వీటితో ఎవరికి పని? వాటిని ఖాళీ చేయించి పడవ గుర్తులను పెట్టాడు. జంటచేపలు 0216లో. తెడ్డు 0223లో. చీట్లన్నీ ఒకే అట్ట, ఒకే కోత. కట్టకట్టి దారం చుట్టి లక్కముద్ర వేసేవాడు. దాన్ని అందరి ఎదుట తనే విప్పాలి, అంతకుముందు ఎవరూ విప్పకూడదు. దానికోసం అరుగు మీద అతనికొక ముక్కాలిపీట వేసేవాళ్లు. పెద్దకాపు పక్కన, గంగమ్మకు ఎదురుగా. వాటా లేనివాడికి ఆ ఊళ్లో ఉన్న ఆసనం ఆ పీట ఒక్కటే.

పుష్పకుమారి పుట్టింది ఆ ఊళ్లోనే. తండ్రి చెంచయ్య పోయేముందు పడవ అమ్మేశాడు, వాటా పోయింది. మొగుడు ముత్తుకూరు పోర్టులో క్రేను నడుపుతాడు. కొట్టు పెట్టిన కొత్తల్లో ఆమె మిఠాయి పట్టుకుని ప్రెస్సుకొచ్చి, దరియావలి తెరమీద గుర్తుల ఫాంటు చూసి కళ్లు విప్పార్చింది.

"అబ్బ, ఎంత బాగా గీసినావు బాబాయ్! కాకపోతే ఇవి ఇంకొకళ్ల నంబర్లలో ఉండాయి. ఇప్పుడు లోకంలో ప్రతి అక్షరానికీ ఒక సర్వే నంబరిచ్చినారు, తెలుసు గదా. మన 'అ'కు ఒకటి, అరబ్బీ వాళ్ల అలీఫ్‌కు ఒకటి, ఎవురిది వాళ్లకే. ఏ ఫోనులో చూసినా ఆ నంబరు ఆ అక్షరానిదే. పట్టా లేనోళ్ల కోసరం చివర కొంచెం పోరంబోకు గూడా వదిలినారు, ఎవురైనా గుడిసేసుకోవచ్చు. మన గుర్తులు ఆడికి మార్చేస్తే ఎవురి ఇల్లూ ఆక్రమించినట్టుండదు."

"తెలుసులేమ్మా" అన్నాడు దరియావలి.

అతనికి తెలియదు. ఆమె వెళ్లాక మిఠాయి పెట్టె చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. తెలియని సంగతి చెప్పినందుకు కోపం రాలేదు. చెప్పిన సంగతి ఒక్కసారికే అర్థమైనందుకు వచ్చింది. అంత తేలికగా, పోరంబోకు, గుడిసె అని చెప్పగలగడం తనకు రావలసిన విద్య. పైగా తనను ఆక్రమణదారు అంది. ముంతాజ్‌తో ఆ మాటే అంటే, "ఆ పిల్ల అనలా, నువ్వే అనుకున్నావు" అని మిఠాయి తిన్నది.

ఈ ఏడు దసరాకు వారం ముందు ఇప్పటి పెద్దకాపు గంగులయ్య ప్రెస్సుకొచ్చి కూర్చోకుండా నిలబడ్డాడు. నిలబడ్డప్పుడే దరియావలికి అర్థమైంది.

"వలీ బాయ్, ఏమనుకోబాకు. ఈసారి చీట్లు మన చెంచయ్య కూతురు చేస్తానంటుండాది. గట్టి కార్డుల మీద, నీళ్లల్లో పడినా చెడకుండా. వాటా లేని పిల్లే గదా. పదిమందీ అట్టాగే అన్నారు. నీ కాడున్న గుర్తులు ఆ పిల్లకియ్యి."

"దానికేముంది కాపూ, తప్పకుండా" అన్నాడు దరియావలి. గొంతు ఎక్కడా వణకలేదు. అందుకు తననే తను మెచ్చుకున్నాడు.

నాలుగు రోజులు ఇవాళ రేపు అని జరిపాడు. అయిదోరోజు పొద్దువాలాక పెన్‌డ్రైవు తీసుకెళ్లి ఆమె బల్ల మీద పెట్టాడు. అందులో చీటీల ఫైలు పెట్టాడు. గుర్తుల ఫాంటు పెట్టలేదు.

అతని లెక్క చిన్నదే. ఆమె ఫైలు తెరుస్తుంది. ఆమె దగ్గర ఆ పెట్టె ఉండదు కాబట్టి పడవ గుర్తులు పోయి ఆ గడుల్లో ఒకప్పటి దొరలు లేచి కూర్చుంటారు. ఆమె రోడ్డు దాటి వస్తుంది. "బాబాయ్, ఇదేందో అర్థం కాలా, నువ్వే చూడు" అంటుంది. అంతే, ఆ మాట ఒక్కటి. ఆ తర్వాత ఫాంటు ఇచ్చేద్దామనే ఉంది. మర్నాడంతా కుర్చీ రోడ్డువైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఆమె రాలేదు. కాలేజీ దరఖాస్తుల ఆఖరి రోజులు, కొట్టు ముందు జనం తీరలేదు. సాయంత్రం ఆమె నవ్వుతూ తాళం వేసి వెళ్లిపోయింది.

'ఇరవై నాలుగూ తనే గీసేసుకుందన్న మాట' అనుకున్నాడు. మూడు నెలలు పట్టింది తనకు, గీయడానికి. ఆమె ఒక్క పూటలో. ఆ రాత్రి నిద్ర లేదు.

ఆదివారం పొద్దున, ముంతాజ్ వద్దంటున్నా వినకుండా, రొయ్యలు కొనాలన్న సాకుతో దిబ్బకుప్పం పోయాడు. అరుగు దగ్గరికి పోలేదు. దూరంగా ఐసుపెట్టెల చాటున ఒక రాయి మీద కూర్చున్నాడు. అరుగు మీద ముక్కాలిపీట లేదు. చీట్ల కట్ట గూడూరు నుంచి పొద్దుటి బస్సులో నేరుగా గంగులయ్య చేతికొచ్చిందట; గట్టి కార్డు కొట్టే మిషను అక్కడే ఉంది. గంగులయ్యే ముద్ర విప్పి, తిప్పి చూడకుండానే చీట్లు కుండలో వేశాడు. తియ్యడానికి నరసయ్య తాత లేచాడు. చూపు మందగించి వాటా వదులుకున్న మనిషి, గుర్తు కనపడదు కాబట్టి దొంగాట ఉండదు.

మొదటి చీటీ పైకెత్తాడు. ¥.

జనం మెడలు చాచి చూశారు. తర్వాత త్రిశూలపోళ్ల ఇంటాయన, "మాదే! మా త్రిశూలమే! గూడూరోడు కొంచెం వంకర గీసినట్టుండాడు" అని కేకేశాడు. అవునవునన్నారు.

ఐసుపెట్టెల వెనక దరియావలి లేచి నిలబడ్డాడు. ఆ మనిషి త్రిశూలం కాదది. 0165. ఆ గడిలో తను పెట్టింది గవ్వలోళ్ల గవ్వను. అంటే ఆమె గీయలేదు. ఫైలు తెరవను కూడా లేదు, వచ్చింది వచ్చినట్టు గూడూరు పంపేసింది. అక్కడివాడు ఫాంటు లేదని మిషను అడిగితే సరేనని నొక్కేసి ఉంటాడు.

వెంటనే అరవాల్సింది. అరవలేదు. గొంతులో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు నిలబడ్డాడు. మెల్లగా మళ్లీ కూర్చున్నాడు.

రెండో చీటీ ÷. "గీతకు పైనా కిందా బెండ్లు, మాదే" అన్నారు బెండోళ్లు. మూడోది £. గాలపోళ్లు ఎగిరి గంతేశారు. వేరే ఊరివాళ్లయితే ఇవేం పిచ్చిరాతలని మొదటి చీటీకే కట్ట విసిరికొట్టేవాళ్లు. పుట్టినప్పటినుంచీ గీతలో పడవను చూసేవాళ్లు కాబట్టి ఏ గీతలోనైనా పడవ కనిపించింది. నవ్వు ఆపుకోలేక దరియావలి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

"మొగ పాడు!" అన్నాడు గంగులయ్య. నరసయ్య తాత చీటీ ఎత్తాడు. Ø.

"తెడ్డు!" ఆడవాళ్లలోంచి ఒక గొంతు పగిలింది. తెడ్డోళ్ల అంకాలమ్మ. మొగుడు పోయాక మరిదితో వల వేయించి బతుకుతున్న మనిషి. ఆమె పడవ గుర్తు సున్నాకు అడ్డంగా తెడ్డు. ఏడేళ్లుగా బురద పాడు తప్ప ఎరగదు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని గంగమ్మ ముందు బోర్లా పడింది. "తల్లీ, చూసినావా తల్లీ, నా గతి నీకు కనిపించిందా తల్లీ..."

దరియావలి నోట్లోని తువ్వాలు తీసేశాడు. 0216. జంటచేపలు, గంగులయ్య ఇంటి గుర్తు. మొగ పాడు గంగులయ్యది. అంకాలమ్మది 0223, ఇంకా కుండలోనే ఉండాలి. ఏటా చీట్లయ్యాక ఎండురొయ్యల పొట్లం ఒకటి పీట కింద పెట్టి పోయేది ఆమే.

తర్వాతి చీటీ దగ్గర గొడవ రేగింది. వచ్చింది §. పామోళ్లు పామన్నారు, తాడోళ్లు మెలిపడిన తాడన్నారు. "నీ మొకం, పాముకు రెండు తలకాయలా?" "నీ తాడుకు మాత్రం బొక్కెందుకురా నడిమిన?" చొక్కాలు పట్టుకునే దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడు పుష్పకుమారి స్కూటరు దిగి పరుగున వచ్చింది. అరుగు మీద పరిచిన చీట్లు చూసింది.

"ఆపండి. ఇయ్యి మన గుర్తులు కాదు" అంది. "ఒక్కటి గూడా కాదు. ఎవురో పరాయి దేశపోళ్ల అక్షరాలు."

"మరి అచ్చేసింది నువ్వే గదమే!" అన్నాడు ఎవరో.

"నేనే. ఫైలు తెరిచి చూడలా. కొట్టుకాడ జనం ఎక్కువుండారని అట్టనే గూడూరు పంపినా. తప్పు నాదే, పెదనాయనా. ఏమన్నా నన్నే అనండి."

జనం అననే అన్నారు. "మన పిల్ల అని ఇస్తే ఇట్టా చేసిందే" అని ఒకరు, "సాయబు ముప్పై ఏళ్లు చేసినాడు, ఒక్కనాడన్నా ఇట్టయిందా" అని ఇంకొకరు. రెండేళ్లుగా చెవులు వాచిపోయి ఎదురుచూసిన మాటలు. దరియావలికి అవి చెవిలో పడ్డాయి గానీ లోపలికి దిగలేదు.

"బొమ్మలు మారినా ఈటి వెనక నంబర్లు కంప్యూటర్లో అట్టనే ఉంటాయి" అంటోంది పుష్పకుమారి. "ఏ నంబర్లో ఏ గుర్తు పెట్టినాడో బాబాయికి ఒక్కడికే తెలుసు."

ఐసుపెట్టెల వెనకున్న మనిషిని ఎవరో చూసి కేకేశారు. నెమ్మదిగా అరుగు దగ్గరికి వచ్చాడు. పుస్తకం లేదు, కాగితం లేదు. చీట్ల మీద వేలు పెట్టి ఒక్కోటీ చెప్పుకుంటూ పోయాడు. "ఇది నూట అరవై అయిదు, గవ్వలోళ్లది. ఇది రెండొందల నలభై ఏడు, త్రిశూలపోళ్లది. ఇది నూట అరవై ఏడు, పాము కాదు, తాడు కాదు, చుక్కోళ్లది." కుండలో మిగిలినవీ బోర్లించి చెప్పాడు. ఇరవై నాలుగూ. అందరి కళ్లూ అతని వేలి వెంటే పోయాయి. అతని బతుకులో అంతటి పూట మళ్లీ రాదు. Ø దగ్గర వేలు ఆగింది.

"ఇది?" అంది అంకాలమ్మ. నుదుటికి ఇంకా అరుగు మట్టి ఉంది.

"జంటచేపలు" అన్నాడు. "నీది ఇదిగో, ఈ బొజ్జలున్నది."

"నిజంగానా, వలీ?"

"నిజమేనమ్మా."

ఆమె నుదుటి మట్టి తుడుచుకుంది.

పుష్పకుమారి అడుగు ముందుకేసి అంకాలమ్మ చెయ్యి పట్టుకుంది. "అత్తా, నా వల్లనే. చూసి పంపుంటే నీకు ఈ ఏడుపు లేకపోను. నన్ను కొట్టు" అంది. అంకాలమ్మ ఆమెను కొట్టలేదు, దగ్గరికి తీసుకుంది. చుట్టూ ఆడవాళ్ల ముఖాలు మెత్తబడ్డాయి. తిట్టిన నోళ్లే, "పాపం, ఒప్పుకుంటుండాది గదా, దాచలా" అన్నాయి.

దరియావలి కడుపులో అప్పుడు భగ్గుమంది. ఇంతసేపూ ఇరవై నాలుగు అంకెలు చెప్పిన మనిషిని చూస్తున్న కళ్లన్నీ ఆమె మీదికి పోయాయి. కొట్టు ఆమెదే, చీట్లు ఆమెవే, చివరికి తప్పు కూడా ఆమెదేనా? అంత నిబ్బరంగా, అంత శుభ్రంగా, అంచున ఒక్క బుడగ లేకుండా తప్పు ఒప్పుకోవడం కూడా ఆమెకే రావాలా? అందులో సగానికి పైగా తనదైతే!

"ఆ పిల్ల తప్పేందంట?" అని అరిచాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఫాంటు ఇయ్యంది నేను. కావాలనే ఇయ్యలా. నాలుగు రోజులు జరిపింది నేను. మొదటి చీటీకే తెలిసిపోయింది నాకు. ఆడ కూర్చోని నవ్వుకుంటా ఉండా. ఆ పిల్ల చూడకపోవడం పొరపాటు. తప్పు నాది."



"వలీ బాయ్," అన్నాడు గంగులయ్య, "ముప్పై ఏళ్లు నిన్నెందుకు కూర్చోబెట్టుకున్నాం? మా నీళ్లమీద నీకు ఆశ లేదని. మా నీళ్లమీద లేదు సరే, మా పీటమీద ఉండాదని మాకు తెలవకపాయ."

దరియావలి తలొంచుకున్నాడు.

ఎవరో, సాయబు అంకెల ప్రకారం పాళ్లు పంచేద్దామన్నారు. గంగులయ్య ఒప్పుకోలేదు. "ఈయన నోటి మాటతో మొగ నాకొచ్చిందంటే రేపు మీరే నా మొకాన ఊస్తారు. అన్నీ రద్దు. రేప్పొద్దున మళ్లీ తీద్దాం. చీట్లు ఇద్దరూ కూర్చోని చెయ్యండి, ఇద్దరూ చూడండి, కట్టకు రెండు ముళ్లు, రెండు ముద్రలు. రేపు వలీ బాయ్ వస్తాడు, నిలబడతాడు. పీట లేదు."

ఆ మధ్యాహ్నం పుష్పకుమారి తన లాప్‌టాప్ పట్టుకుని ప్రెస్సుకొచ్చింది. దరియావలి ఫాంటు ఇచ్చాడు. ఆమె ఒక్కో గుర్తునూ దొరల గడిలోంచి తీసి పోరంబోకు నంబర్లలోకి మారుస్తుంటే అతను పక్కన కుర్చీలో చూస్తున్నాడు. వేళ్లు అంత వేగంగా పోతుంటే చూడలేక రోడ్డువైపు చూశాడు, మళ్లీ తెరవైపు చూశాడు. "ఈడ వేరే ఎవురూ ఉండరు గానీ, ఈ ఫాంటు లేని ఫోనులో ఉత్త డబ్బాలే కనపడతాయి బాబాయ్" అంది ఆమె. "దొరలు కనపడే దానికంటే డబ్బాలు నయం. ఏమీ లేదని తెలుస్తుంది."

ఆ మాట కూడా తనకు తోచి ఉండాల్సింది.

ఒక గుర్తు తిరిగి గీయాల్సి వచ్చింది, అంకాలమ్మది. ఆమె గీసింది చూసి దరియావలి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"తెడ్డు ఎడమకు వంచినావు. కుడికి వంగాల."

"అవునా? పడవ మీద..."

"పడవ మీద చూసినావు నువ్వు. గడపమీద నేను చూసినా. కుడికి."

ఆమె నాలుక కరుచుకుని సరిచేసింది. సరిచెయ్యడానికి ఎంతసేపు పట్టిందని? రెప్పపాటు. అతని సంతోషానికీ అంతే ఆయుష్షు.

సోమవారం పొద్దున అరుగు మీద ముక్కాలిపీట వేసి ఉంది. గంగులయ్య పుష్పకుమారిని కూర్చోమన్నాడు. ఆమె ఒకసారి దరియావలి వైపు చూసింది, పెద్దకాపు మాట కాదనలేక కూర్చుంది. దరియావలి అరుగు కింద ఇసుకలో నిలబడ్డాడు. ఎండ నెత్తిన పడుతోంది. దారం రెండు ముళ్లూ ఇద్దరూ విప్పారు. అందరూ చీట్లు ఒకసారి చూసి కుండలో వేశారు.

నరసయ్య తాత తియ్యడం మొదలుపెట్టాడు. మొదటి చీటీ తాడోళ్లకు. రెండోది అంకాలమ్మకు, నడిమి పాడు. మొగ కాదు, బురదా కాదు. ఆమె చీటీ అందుకుని పోతూ దరియావలి దగ్గర ఆగింది.

"నీ నోట్లో మన్ను బడ. అరగంట సేపు నన్ను మొగకాడ కూర్చోబెట్టి దించేసినావు గదయ్యా! పగోడు గూడా అట్టా చెయ్యడు." చేతిలో పొట్లమేమీ లేదు. నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగింది. "ముంతాజును ఒకసారి రమ్మను. ఎండురొయ్యలు దానికిస్తా, నీకియ్యను."

అరుగు మీద పీట ఒరిగింది. దాని కాళ్లలో ఒకటి పొట్టి. కూర్చున్నవాళ్లు బరువంతా ఎడమపక్కకు వెయ్యాలి, లేకపోతే ప్రతి చీటీకీ పొట్టికాలి వైపు ఒరుగుతుంది. ఆ సంగతి ముప్పై ఏళ్లు కూర్చున్న దరియావలికి తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. పుష్పకుమారి ఒకసారి సర్దుకుంది, రెండోసారి పడబోయి అరుగు అంచు పట్టుకుంది. ఎవరో కిసుక్కున నవ్వారు. దరియావలి నాలుక మీద మళ్లీ ఆ బెల్లం.

మూడో చీటీ దాకా చూస్తూ నిలబడ్డాడు. ఆమె అడుగుతుందేమోనని చూశాడు. పీట గురించి ఎవరైనా ఏమని అడుగుతారు?

నాలుగో చీటీకి నరసయ్య తాత కుండలో చెయ్యి పెడుతుంటే, దరియావలి వంగి, కాళ్ల దగ్గర పడున్న కొబ్బరిపీచు ముక్క ఒకటి తీసి, ఎవరూ చూడటం లేదనుకుని, పీట పొట్టికాలి కిందికి తోశాడు.

పుష్పకుమారి చూసింది. కదలకుండా కూర్చుంది, ఎంతో హాయిగా, ఆ పీట ఎప్పటినుంచో తనదే అయినట్టు. దరియావలికి ఒళ్లు మండిపోయింది.